ముప్పై మూడు పాళ్లు

స్టేడియం గోడమీద జోస్యం చెప్పే తెర పొద్దున్నే నలభై ఒకటి చూపించింది. ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ సీజన్ చివరిదాకా జరిగే అవకాశం నూటికి అంతేనట. ఈ రోజుల్లో ఏ పనైనా ఆ అంకె చూశాకే, మనిషి మాటకు విలువెక్కడిది?

కోర్టు తుడిచే పైడిరాజు ఆ అంకెను రెండుసార్లు చదివాడు. సీజన్ ఆగితే అందులో ఆడే కూతురు గౌరి ఉద్యోగం పోతుంది. ఎందుకైనా మంచిదని, నేలకు పూసే పాలిష్ రెండు డబ్బాలు వద్దు, ఒకటి చాలని స్టోరుకు ఫోన్ చేశాడు.

తెర ముప్పై ఆరుకు దిగింది.

"ఏటి సేసినావు నాన్నా?" గౌరి అరిచింది.

"నానేటి సేసినానే? డబ్బా ఒకటి తగ్గించమన్నాను."

"అది మన బయాన్ని సూసే లెక్కేస్తాది గదా!"

వెంటనే మళ్లీ ఫోన్ చేసి రెండు డబ్బాలూ పంపమన్నాడు. ముప్పై మూడయింది.

ఆ తర్వాత కోర్టులో ఎవరూ కదల్లేదు. గౌరి బూటు లేసు ఊడింది. కట్టుకోనా వద్దా అన్నట్టు తండ్రి వంక చూసింది.