గడ్డం కింద మూడు కుట్లు

"ఈ గీతలేంటండీ, పగుళ్లా?" అడిగింది అమ్మాయి, చేతిలోని అట్ట మీద పెన్ను ఆనించి.

"పగుళ్లు కాదమ్మా, అతుకులు," అన్నాడు శిల్పి.

ప్రదర్శన తలుపులు తెరవడానికి ఇంకా గంట ఉంది. ఒక్కో శిల్పం పక్కన పెట్టే వివరాల అట్ట రాయడం ఆ అమ్మాయి ఉద్యోగం. చేరి మూడు నెలలైంది. మిగతావన్నీ నిన్ననే రాసేసింది. ఇదొక్కటీ కావాలనే ఆఖరికి ఉంచుకుంది. పొద్దున బస్సులో వస్తూ రెండే రెండు మాటలు వల్లెవేసుకుంది. ఇప్పుడు వాటి బదులు గీతల గురించి అడుగుతోంది.

ఎదురుగా గౌను వేసుకున్న సిమెంటు పిల్ల. కాళ్ల మీద, నడుం మీద అడ్డంగా తొమ్మిది గీతలు. ఒళ్లు ఎదిగిన ఆడపిల్లది. ముఖం మాత్రం పసిది. గడ్డం కింద మూడు చిన్న గాట్లు.

"మా సార్ ఒక వాక్యం ఇచ్చారండీ. 'బాధను దాటి ఎదిగే మనసుకు ప్రతీక' అని. అదే రాసేయనా?"

"రాసెయ్. నిన్న మీ సార్ ఈ గీతల ముందు అరగంట నిలబడి తలూపాడు. మెడ పట్టేస్తుందేమోనని నాకే భయమేసింది."

ఆమె నవ్వలేదు. "అసలు సంగతేంటండీ?"

శిల్పి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇది మా అమ్మలు. అప్పుడు మూడో తరగతి. పచ్చి మట్టిబొమ్మ మీద చెయ్యి పెట్టిందని కోపంలో ఒక్క తోపు తోశాను. బల్ల అంచు తగిలి గడ్డం చీలింది. మూడు కుట్లు పడ్డాయి. మర్నాడే వాళ్లమ్మ పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆవిణ్ణి అనడానికేం లేదు."

"మీరు వెళ్లలేదా?"

"గుమ్మం ఎక్కనివ్వలేదు. ఉత్తరాలు రాస్తే తిప్పి పంపారు. ఇక లాభం లేదని అది కొత్తగా చేరిన బడికి రాశాను. నా అడ్రసు రాసి, స్టాంపులంటించిన కవర్లు పది అందులో పెట్టాను. 'నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు తల్లీ, ఏడాదికోసారి నీ ఎత్తుకి దారం కత్తిరించి పంపు, చాలు' అని."

"పదే ఎందుకు?"

"పదేళ్లకి కోపం తగ్గుతుంది కదా అనుకున్నా."

ఆమె వేళ్ల మధ్య నుంచి పెన్ను జారింది. వంగి తీసుకుంది.

"ఒక్క ఏడు తప్పలేదు. ఉత్తరం ముక్క ఉండేది కాదు, దారం ఒక్కటే. మొదటి కొలతకి ఈ బొమ్మ పోశాను. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా బొమ్మని ఒకచోట కోసి, ఎంత పెరిగిందో అంత సిమెంటు నింపాను. ముఖం జోలికి పోలేదు. ఎలా మారిందో నాకేం తెలుసు? కవర్లు అయిపోయి అయిదేళ్లయింది. కోపం ఇంకా తగ్గలేదు కాబోలు."

"కోపం కాదండీ! ఇంట్లో దారం కనబడకపోతే రిబ్బను కత్తిరించి మరీ పంపిన పిల్లకి కోపమెందుకుంటుంది?"

శిల్పి తలెత్తాడు.

"నేను దారమనే చెప్పాను. మొదటిసారి వచ్చింది రిబ్బనని నీకెవరు చెప్పారు?"

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏం రంగు?"

"నీలం. కత్తెరకి తెగకపోతే ఒక కొస పళ్లతో కొరికింది."

శిల్పి లేచాడు. ఆమె భుజం పట్టుకుని తీసుకెళ్లి సిమెంటు పిల్ల పక్కన నిలబెట్టాడు. బొమ్మ తల మీద అరచెయ్యి పెట్టి, మెల్లగా ఆమె తల మీదికి జరిపాడు. చెయ్యి పైకీ లేవలేదు, కిందికీ దిగలేదు.

"ఆ కవర్లు పోస్టు చేసింది నువ్వేనా?"

"నేనేనండీ. క్షమించండి. మీకొక మాట చెప్పాలని ఎన్నాళ్లుగానో..."

"నన్ను నువ్వు క్షమించమనడమేంటి తల్లీ! పైగా ఈ 'అండీ' ఒకటా నాకు?"

"ఒక్క నిమిషం నా మాట వినండి."

"వింటాను. ఇంత కాలం ఆగినవాణ్ణి, ముందు నిన్ను చూడనీ."

ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పాడు. గరుకు బొటనవేలు గడ్డం కిందికి వెళ్లింది. వేలు అటూ ఇటూ వెతికి, ఒకచోట ఆగిపోయింది. చాలాసేపు అక్కడే ఉంది.

"మచ్చ కూడా మిగల్లేదు," అన్నాడు చివరికి, కళ్ల నీళ్లతో నవ్వుతూ. "ఎంత చక్కగా మానిపోయిందో!"

ఆమె తల అడ్డంగా ఊపబోయింది. ఆ చేతులు వదల్లేదు. ఆయన భుజం మీదుగా సిమెంటు పిల్ల ముఖం కనబడుతుంటే కళ్లు మూసుకుంది.

మూడో తరగతిలో తన పక్కన కూర్చునే అమ్మలు, ఆ కవర్లు తన చేతిలో పెట్టి, ఆ ఏడే జ్వరంతో పోయింది.