గాజు తీగ మీద అడుగులు

“ఆ ఈడ్చే అడుగుల్ని తీసెయ్యమ్మా. మధ్యాహ్నానికి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేస్తుంది. ఇక మనుషుల నడకలు తెర మీదికే రావు,” అన్నాడు ఇన్‌ఛార్జి.

“ఈ ఒక్కటీ ఉండనివ్వండి సార్,” అంది ఆమె.

“గ్యాస్ పైపు దగ్గర ఎవడైనా గునపం వేస్తే పట్టుకోవడానికమ్మా మనమున్నది. రోడ్డున పోయేవాళ్లను చూస్తూ కూర్చోవడానికి కాదు.”

ఆయన మాటా నిజమే. పైపు పక్కనే వెంట్రుకంత గాజు తీగ భూమిలో పాతి ఉంది. అందులో వెలుతురు పరుగెడుతూ ఉంటుంది. పైన ఎవరు అడుగేసినా ఆ వెలుతురు వణుకుతుంది, ఆ వణుకు ఇక్కడ తెర మీద చుక్కలుగా పడుతుంది. లారీ, కుక్క, గునపం అని ఒక్కోదాని పక్కన పేరు రాయడం ఆమె పని. పది రోజులుగా ఒక్కదానికి మాత్రం పేరు రాయలేదు.

ఉదయం పదింటికి వస్తాయి ఆ అడుగులు. ఒకటి బరువుగా, ఒకటి ఈడుస్తూ. ఆఫీసు గేటు దాకా వచ్చి, పది నిమిషాలు ఆగి, వెనక్కి వెళ్లిపోతాయి. ఆమె భర్తదీ అదే నడక. ఆర్నెల్ల కిందట మాటా మాటా పెరిగి, బట్టలు సర్దుకుని, ఇదే కంపెనీలో వేరే చోటికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. అడక్కపోవడం తన పొగరేనని ఇప్పుడు తెలుస్తోంది. ఆ మనిషి కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

“మీ ఆయనే అనుకుంటే వెళ్లి పిలవొచ్చుగా?” అన్నాడు సంగతి తెలిసిన ఇన్‌ఛార్జి.

“గేటు దాకా వచ్చినవాడు లోపలికి రాలేడా సార్?”

“సరిపోయారు ఇద్దరూ! పన్నెండు దాటితే నువ్వు చూద్దామన్నా కనపడదు. తర్వాత నీ ఇష్టం.”

తెర మీద చుక్కలు మొదలయ్యాయి. ఒకటి బరువుగా, ఒకటి ఈడుస్తూ. ఆమె కుర్చీ వెనక్కి తోసి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే గేటు వైపు పరుగెత్తింది.

గేటు బయట నీడలో ఒక ముసలాయన మోకాలు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

“ఇక్కడ నిలబడకూడదా అమ్మా? ఆపరేషనైంది. డాక్టరు రోజూ ఇంత దూరం నడవమన్నాడు.”

“పర్లేదు బాబాయ్, నిలబడండి,” అంది.

తిరిగి వస్తుంటే కాళ్లు కదల్లేదు. పది రోజులు ఎవరి మోకాలినో చూసి మురిసిపోయినందుకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

గదిలో ఇన్‌ఛార్జి మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“కూర్చోమ్మా. నీ నడకకు అప్పుడే పేరు రాసేశారు, చూడు.”

“ఎగతాళా సార్?”

“నేను రాయలేదు. నలభై కిలోమీటర్ల అవతల, ఈ తీగ రెండో చివర కూడా మన స్టేషనే ఉందిగా. అక్కడ ఎవరో కొత్తాయనట. మనకు కనపడేదంతా ఆయనకూ కనపడుతుంది.”

ఆమె తెర మీదికి వంగింది. గేటు నుంచి గది దాకా పడ్డ తన అడుగుల పక్కన రాసి ఉంది: “మా ఆవిడ. ఇంత మెల్లగా ఎప్పుడూ నడవదు. ఏమైందో కాస్త చూడండి సార్.”