సన్న కడ్డీ

"లావుది ఒద్దు బాబూ. సన్నదెయ్యించండి."

వెనక నుంచి ఎవరో అనేసరికి గణపతిరావు చిరాగ్గా తిరిగి చూశాడు.

చిరిగిన బనీను, మెడలో తువ్వాలు, అరవై దాటిన మనిషి. పలాస స్టేషన్లో జీడిపిక్కల బస్తాలు మోసే కూలీ.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో పలాస మొత్తానికి ఎర్ర కారు ఒక్కటే. రెండు తలుపుల చిన్న కారు. పరుగులో మాత్రం బస్సుల్ని వెనకేసేది. విశాఖపట్నంలో సెకండ్‌హ్యాండ్‌లో కొని తెచ్చిన రోజు నుంచి గణపతిరావు కాళ్లు నేల మీద నిలవడం లేదు.

చిక్కల్లా ఒకటే. మలుపు తిరిగితే చాలు, కారు వెనకభాగం ఒక పక్కకి ఒరిగిపోయేది.

అతని భార్య రాజకుమారికి తొమ్మిదో నెల. తొలికాన్పు కాబట్టి భావనపాడులో పుట్టింట్లో ఉంది. కిందటి నెల ఈ కారులోనే దింపాడు. దిగేసరికి ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కాన్పు కష్టమయ్యేలా ఉంది. నొప్పులు మొదలవగానే తీసుకొచ్చెయ్యాలి," అని టెక్కలి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

అప్పటికల్లా ఈ ఒరుగుడు పోవాలి. అతని బాధంతా అదే.

మెకానిక్ నారాయణరావు రెండు ఇనప కడ్డీలు తెచ్చి గోనె మీద పెట్టాడు. కారు అడుగున, వెనక చక్రాలు రెంటినీ కలిపి బిగించేవి. ఒకటి బొటనవేలంత లావు, రెండోది చిటికెనవేలంత సన్నం.

"లావుదేత్తే కారు బల్లలాగ నిలబడిపోద్ది బాబూ," అన్నాడు నారాయణరావు.

ముసలివాడు అడ్డం పడింది అప్పుడే.

"నువ్వెప్పుడైనా కారు తోలేవేటి?" అన్నాడు గణపతిరావు.

"నేదు బాబూ. బరువులు మోసేను."

షెడ్డులో అందరూ నవ్వారు.

"మోసే కర్ర కూసింత ఊగాల బాబూ. బిర్రుగా ఉన్నాదనుకోండి, గట్టి నేల మీద బాగుంతాది. ఇసకలో అడుగు తప్పించేత్తాది. కారైనా అంతే. ఎనకభాగం గిర్రున తిరిగిపోద్ది."

"పెళ్లాం బిడ్డల దగ్గర పీనాసితనం చేసే రకం కాదయ్యా నేను. లావుదే బిగించు, నారాయణరావూ!"

ఇనుమంటే బరువు, బరువంటే గట్టి సరుకు. కొబ్బరికాయల నుంచి కోడలి గొలుసు దాకా వాళ్లింట్లో అన్నీ తూచే కొన్నారు. కడ్డీనీ అలాగే కొన్నాడు.

కారు కదలబోతుంటే ముసలివాడు ఎదురొచ్చి నిలబడ్డాడు.

"అమ్మగోర్ని ఎక్కించక ముందు, ఒక్కపాలి మీరొక్కరూ ఇసకలో తోలి సూడండి. అంతే బాబూ."

గణపతిరావు దిగి, భుజం పట్టుకుని పక్కకి నెట్టాడు. ముసలివాడు తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

టెక్కలి రోడ్డు మీద కారు నిజంగానే బల్లలా నిలబడింది. గణపతిరావు ఈల వేశాడు.

కానీ ముసలివాడి మాట లోపల గుచ్చుతూనే ఉంది. సరే, ఆ ముచ్చటా తీర్చేద్దామని కారుని భావనపాడు దారికి తిప్పాడు.

నౌపడా ఉప్పుమళ్లు దాటాక మలుపులో ఇసుక మేట వేసి ఉంది. స్టీరింగ్ తిప్పాడో లేదో, కారు గింగిరాలు కొట్టి మొగలిపొదలోకి దూసుకుపోయింది. పక్క తలుపు ఊడినంత పనై తెరుచుకుంది. రాజకుమారి కోసం ఆ సీట్లో వేసిన దిండు ఎగిరి ముళ్లలో పడింది.

అతనికి గీత కూడా పడలేదు. దిగి, ఆ దిండుకి గుచ్చుకున్న ముళ్లు ఒక్కొక్కటే పీకాడు.

సాయంత్రానికల్లా మళ్లీ షెడ్డుకొచ్చాడు.

"సన్నది బిగించు. ఆ ముసలాయనేడి?"

"వరహాలా? జొరమొచ్చినాది బాబూ. ఇంటికెల్లిపోనాడు. ఆడిదీ భావనపాడే."

తర్వాత కలుద్దాంలే అనుకున్నాడు గణపతిరావు.

ఆరో రోజున రాజకుమారికి నొప్పులు మొదలయ్యాయి. కారు కొంచెం ఊగుతూనే ఇసుక దాటింది, ఎక్కడా జారలేదు. టెక్కలిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఆ హడావిడిలో వరహాలు గుర్తే రాలేదు.

పురిటి స్నానం అయ్యాక కొత్త పంచెల చాపు పట్టుకుని గుడిసె వెతుక్కుంటూ వెళ్లాడు. వరహాలు భార్య దేముడమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. చేతులకు గాజులు లేవు.

"పోయి మూడ్రోజులైనాది బాబూ," అంది.

గణపతిరావుకి ఆ ముసలాయన్ని నెట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీ కారెల్లిన సప్పుడు ఇని, జొరంలోనే లేసి గుమ్మంలో కూకున్నాడు. ఊగుతున్నాది, పరవానేదే, అని మల్లీ పడుకున్నాడు. అమ్మగోరు బాగున్నారా?"

"మా ఆవిడ నీకు తెలుసా?"

"తెలకపోడమేటి! ఆయమ్మ పుట్టినపుడు ఆల్లమ్మగోర్ని డోలీలో టెక్కలాసుపత్రికి మోసింది ఈయనా, ఈయన తమ్ముడూను. అప్పుడు రోడ్డెక్కడిది, అంతా ఇసకే. డోలీ ఒక్కపాలైనా కింద దించకుండా ఎల్లేరు."

"మరి ఆ మాట నాతో అననే లేదే!" అన్నాడు గణపతిరావు.

"ఏటని సెప్తాడు బాబూ?"

దేముడమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ పొద్దు నాకూ నొప్పులే బాబూ. ఊరంతటికీ డోలీ ఒక్కటే. ఆల్లమ్మగోర్ని ఆసుపత్రిలో దించేసి, అదే డోలీ అట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి మా బిడ్డ నేదు."