వాడి చేత వెట్టి

మొగులయ్యను వాడు పట్టపగలు, టమాట చేనులో, అందరూ చూస్తుండగా చంపాడు. నాలుగేళ్ళయింది. కేసు లేదు, పంచాయితీ లేదు. మర్నాడు వాడు అదే చేను మీదుగా దర్జాగా పోయాడు.

లాల్‌గడి మలక్‌పేట్‌లో వాడి మొహంలోకి సూటిగా చూసే మొనగాడు లేడు. పొద్దున్నే దండాలు పెట్టేవాళ్ళు మాత్రం బోలెడు మంది. మొగులయ్య భార్య బుచ్చవ్వ ఒక్కతే వాణ్ణి నోరారా తిట్టేది.

“తప్పు వదినా! గాయన పెద్దోడు. గట్ల తిడితే కండ్లు పోతయి,” అనేది చేనుకు కూలికి వచ్చే పద్మమ్మ.

“పోతె పోనీ. ఆనితోని నా చేన్ల వెట్టి చేపిస్త. ఆడు గోస పెట్టినోళ్ళంత ఆని ముంగటనే సల్లగ కూసోవాలె. గప్పుడే నా కడుపుమంట సల్లారేది.”

ఆమెకు పిచ్చి పట్టిందనుకుంది పద్మమ్మ.

కూతురు భవాని అలా అనుకోలేదు. పేట్ బషీరాబాద్‌లో గదులను చల్లబరిచే యంత్రాలు చేసే కంపెనీలో ఆమెకు ఉద్యోగం. చేను గట్టున రేకుల గది వేయించి, ఒక యంత్రం బిగించింది. అందులో చిక్కటి ఉప్పునీళ్ళు గాలిలోని చెమ్మను పీల్చేస్తాయి. ఆ పొడిగాలి తడి చాపల గుండా వెళ్ళి చల్లగా గదిలోకి వస్తుంది. చెమ్మ తాగి పలచబడ్డ ఉప్పునీళ్ళను మళ్ళీ చిక్కబరచాలంటే మాత్రం పగలంతా కాగబెడుతూనే ఉండాలి.

“గా పని ఆనిదే,” అంది బుచ్చవ్వ.

యంత్రం మొదలుపెట్టే రోజు పన్నెండు మంది కూలి ఆడవాళ్ళు వచ్చారు. వాడు రాలేదు. తొమ్మిదయింది. పదయింది.

“అమ్మా, ఇయ్యాల రాడేమో. అందరి ముంగట ఇజ్జత్ పోతది,” భవాని పరేషానయింది.

“ఎందుకు రాడు? మీ బాపును సంపిన జాగ ఇది. వస్తడు.”

పదకొండింటికి వచ్చాడు, ఎప్పటిలాగే నిప్పులు చెరుగుతూ. బుచ్చవ్వ పళ్ళు పటపట కొరికింది.

ఒంటిగంటకు రేకుల గదిలో పద్మమ్మ కొంగు నిండా కప్పుకుంది.

“సలి పెడుతాంది వదినా!”

బుచ్చవ్వకు ఏడుపు ఆగలేదు. ముక్కు చీది, విసురుగా బయటికి వచ్చింది.

“ఏందిరా, అలిసిపోయినవా? పొద్దుగూకెదాక ఈడికెల్లి కదిలితె సూడు బిడ్డా!” అంది, రేకుల మీది నల్లగొట్టాల్లో ఉప్పునీళ్ళు కాగబెడుతూ నడినెత్తిన మండిపోతున్న సూర్యుడితో.