ఐదో స్టారు

“ఈ పెళ్ళిలో ఒక్క సెకను తేడా వచ్చిందంటే యాప్ తీసి పారేస్తానండీ,” అన్నాడు శ్యామ్ బాబు.

“తేడా రాకపోతే?” అంది లక్ష్మీతులసి.

“ఐదు స్టార్లు ఇవ్వాలి. అర స్టారు కూడా కొయ్యకూడదు.”

తులసి ఇప్పటిదాకా ఎవరికీ రెండున్నర దాటించలేదు. ఆమెది అమలాపురం. పెళ్ళిళ్ళలో డోలు, సన్నాయి వినిపించే యాప్‌ల మీద రివ్యూలు రాసే బ్లాగు నడుపుతోంది. పాఠకులు నలభై రెండు మంది. అందులో పదకొండు మంది ఆమె తిట్టిన యాప్‌ల వాళ్ళే.

ఆ బ్లాగు ఒక చుట్టాల పెళ్ళిలో పుట్టింది. మేళగాళ్ళు దొరక్క ఫోనుకి స్పీకరు తగిలించారు. తాళి కట్టే వేళ పంతులుగారు చెయ్యెత్తి “గట్టిమేళం!” అని కేకేశారు. డోలు మోగాల్సిన చోట మోకాళ్ళ నొప్పుల తైలం ప్రకటన మోగింది. పెళ్ళికొడుకు నవ్వాపుకోలేక ముడి తప్పాడు. మర్నాడే తులసి మొదటి రివ్యూ రాసింది. పంతులుగారి కేకకీ, మేళం మోగిన క్షణానికీ మధ్య ఎన్ని సెకన్లు? దాన్ని బట్టే స్టార్లు.

తేలిక పనేం కాదు. పరీక్ష పెట్టాలంటే పెళ్ళి కావాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పెళ్ళికి స్టాప్‌వాచీ పట్టుకుని వెళ్ళాలి. “ఎవరి తాలూకమ్మా?” అని అడుగుతారు. “యాప్ తాలూకండి” అంటే భోజనాల దగ్గర అదోలా చూస్తారు. రాజోలులో ఒకసారి చెప్పుల దొంగనుకుని వీధి చివరిదాకా సాగనంపారు.

శ్యామ్ బాబుది అల్లవరం. హైదరాబాదులో ఉద్యోగం మానేసి, మూడేళ్ళు కూర్చుని ఒక యాప్ తయారుచేశాడు. దానికి ఎవరూ మీట నొక్కక్కర్లేదు. పంతులుగారి కేక విని అదే గట్టిమేళం అందుకుంటుంది. తులసి ఒక్క స్టారిచ్చింది. అతను కామెంట్లలో నాలుగు పేజీల సంజాయిషీ రాశాడు. ఆమె అందులో అచ్చుతప్పులు దిద్ది తిప్పి పంపింది.

అక్కణ్ణుంచి ఇద్దరూ ఆరు పెళ్ళిళ్ళకి కలిసి వెళ్ళారు. ఆరుసార్లు పోట్లాడుకున్నారు. కాట్రేనికోనలో అయితే బంతిలో ఎవరో “గట్టి పెరుగు ఏదండీ!” అని అరిచేసరికి యాప్ డోలు దంచేసింది. పంతులుగారింకా గణపతి పూజలోనే ఉన్నారు. తులసి నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంది. శ్యామ్ బాబుకి ఏడుపొక్కటే తక్కువ.

ఇది ఏడోది. ఆఖరి పరీక్ష.

మేళం లేకుండా ఉత్త యాప్‌తో పెళ్ళి కానివ్వడానికి పెద్దల్ని ఒప్పించేసరికి నెల పట్టింది. మగపెళ్ళివారిని శ్యామ్ బాబు, ఆడపెళ్ళివారిని తులసి కాళ్ళావేళ్ళా పడి ఒప్పించారు. అయినా పెళ్ళికూతురి తండ్రి కామేశ్వరరావుకి నమ్మకం చాల్లేదు. కొత్తపేట నుంచి దొరబాబు డోలు పార్టీని రప్పించి స్తంభం పక్కన కూర్చోబెట్టాడు.

“పంతులుగారు కేకేసేరూ, మీ ఫోను పలకలేదూ... మా దొరబాబు దరువేసేస్తాడు. తర్వాత నన్ననొద్దు,” అన్నాడు ఇద్దరితో.

“ఆయ్,” అన్నాడు దొరబాబు డోలు నిమురుతూ.

ఈసారి తులసిని ఎవరి తాలూకని ఎవరూ అడగలేదు. చోటు కూడా బ్రహ్మాండంగా కుదిరింది. పంతులుగారికి మూరెడు దూరం. కాకపోతే చేతులు ఖాళీ లేక స్టాప్‌వాచీ పట్టుకోలేకపోయింది. అంకెలు మనసులోనే లెక్కపెట్టుకోవాలి. పొద్దుటినుంచి ఇద్దరూ ఏమీ తినలేదు. శ్యామ్ బాబు నుదుట చెమట కారుతోంది.

“భయంగా ఉందాండీ?” అంది తులసి గొంతు తగ్గించి.

“ఉండదాండీ మరి! పెరుగు గొడవ సరిచేసేను గానీ, ఈ పంతులుగారిది బొంగురు గొంతండీ.”

“నిన్నటినుంచి జలుబు కూడానటండీ.”

“బాబోయ్!”

తులసికి జాలేసింది. యాప్ గెలవాలని మనసారా కోరుకుంది. రివ్యూలు రాసే మనిషి అలా కోరుకోకూడదు. అయినా కోరుకుంది, ఏం చేస్తాం.

పంతులుగారు మంత్రం అందుకున్నారు. జనం అక్షింతలు పట్టుకుని లేచారు. శ్యామ్ బాబూ లేచాడు. స్తంభం పక్కన దొరబాబు డోలు కర్ర గాల్లోకెత్తాడు. ఫోను మాత్రం స్పీకరు పక్కన బుద్ధిగా పడుకుని ఉంది.

పంతులుగారి చెయ్యి లేచింది. నోరు తెరిచారు. దగ్గొచ్చింది.

శ్యామ్ బాబు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

“గట్... ఖళ్ ఖళ్... టిమేళం!”

ఒకటి అనుకునే వ్యవధి కూడా తులసికి దొరకలేదు. డోలూ సన్నాయీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఆమె గబుక్కున దొరబాబు వంక చూసింది. అతని కర్ర ఇంకా గాల్లోనే ఉంది. నోరు తెరుచుకుని స్పీకరునే చూస్తున్నాడు. హాలంతా అక్షింతల వాన.

శ్యామ్ బాబు కళ్ళు తెరిచాడు. సంతోషం పట్టలేక ఒళ్ళు మరిచిపోయాడు. పంతులుగారు దగ్గుతూనే ఏవేవో సైగలు చేస్తున్నా అతనికి కనబడలేదు.

“ఐదేనాండీ? ఐదూ ఇచ్చేసినట్టేనా?” అని అరిచాడు ఆ హోరులో.

“ఐదూ ఇచ్చేసేను గానీ, ముందు ఆ చేతిలో తాళి నా మెడలో కట్టండి మహాప్రభో!” అంది లక్ష్మీతులసి తల వంచి.