పిచ్చుక దాహం

కూతురి పని బ్యాగులో నీళ్ళ సీసా నిండుగా ఉంది. నిన్న పొద్దున నింపింది నింపినట్టే ఉంది.

ఆస్పత్రి వరండాలో ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు తండ్రి. సీసా సంగతి అతనికి పట్టలేదు. చూపంతా ఎదురుగా మూసిన తలుపు మీదే ఉంది.

కూతురికి ముప్పై ఏళ్ళు. నలభై అంతస్తుల ఎత్తున కూర్చుని క్రేన్ నడుపుతుంది. పనిచోట అందరూ పిచ్చుక అంటారు. ఇప్పుడు ఇంట్లోనూ అదే పేరు.

నిన్న పైనే కడుపు మెలిపెట్టింది. ఎలాగో దిగి బాత్రూంకి వెళ్తే, నెత్తురు. తండ్రికి ఫోన్ చేసి ఒక్క ముక్కే చెప్పింది.

"నాన్నా, నీకు వచ్చినట్టే వచ్చింది."



మూడేళ్ళ కిందట, అరవై దాటాక, అతనికీ ఇదే నొప్పి, ఇదే నెత్తురు. జానెడు పేగు కోసి తీసేశారు. ఆరు నెలలు పొట్టకి మలం పోయే సంచి తగిలించుకుని తిరిగాడు. ముప్పై ఏళ్ళు కూర్చున్న క్రేన్ సీటు పోయింది. ఆ సీట్లోకే కూతురు వెళ్ళింది.

ఇప్పుడు దానికీ కోతే, దానికీ సంచే. నా జబ్బు దానికి అంటగట్టానని పొద్దుటి నుంచి తనని తాను తిట్టుకుంటున్నాడు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ లోపలికి పిలిచింది. మంచం మీద పిచ్చుక, చేతికి సెలైన్.

"జబ్బు మీకు వచ్చిందేనండీ. పెద్దపేగుకి నెత్తురు సరిగ్గా అందలేదు."

"అయితే కోతేనా?" అన్నాడతను, నిలబడే.

"కూర్చోండి, పూర్తిగా వినండి. మీకు గుండె లయ తప్పి, నెత్తురు గడ్డ వెళ్ళి అడ్డం పడింది. పెద్ద వయసులో మేం ముందు గుండెనే అనుమానిస్తాం. అమ్మాయి గుండె శుభ్రంగా ఉంది. ఈ వయసు వాళ్ళని వేరే ప్రశ్నలు అడుగుతాం."

పిచ్చుక వైపు తిరిగింది.

"పనిలో ఎన్ని నీళ్ళు తాగుతావమ్మా?"

"పైన ఉన్నంతసేపూ తాగను మేడమ్. దిగి ఎక్కాలంటే ముప్పావుగంట. కింద అందరి పనీ ఆగిపోతుంది."

"ఎంతసేపుంటావు?"

"పది గంటలు."

"విరేచనం?"

"మూడు రోజులకోసారి."

"మందులేమైనా వాడావా?"

"జలుబు బిళ్ళలు. వారం నుంచి రోజుకి నాలుగైదు. రెండు చేతులూ లివర్ల మీదే ఉంటాయి. ముక్కు తుడుచుకోడానికి మూడో చెయ్యి లేదుగా."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"అదీ సంగతి. ఒళ్ళు ఎండగట్టావు, పైన ఆ బిళ్ళలు వేశావు. పేగుకి నెత్తురు తీసుకెళ్ళే నాళాలు వాటితో ముడుచుకున్నాయి. కోత అక్కర్లేదు. నాలుగు రోజులు ఇక్కడుంటే చాలు."

"మళ్ళీ క్రేన్ ఎక్కొచ్చా?"

"ఎక్కొచ్చు. మధ్యలో దిగాలి కూడా. అసలు నీళ్ళు తాగొద్దని ఎవరు చెప్పారమ్మా నీకు?"

పిచ్చుక తండ్రి వైపు చూసింది.

తండ్రి అప్పుడు చూశాడు ఒళ్ళో బ్యాగులో ఉన్న నిండు సీసాని.

"నేనే," అన్నాడు. "మొదటిరోజు నేనే చెప్పాను. దాహాన్ని ఇంటి దగ్గర వదిలేసి రావాలని."

ముప్పై ఏళ్ళు పని మధ్యలో ఒక్కసారీ దిగలేదని కనబడ్డవాడికల్లా గొప్పలు చెప్పిన మనిషి.

"నీ నుంచి నాకు జబ్బు రాలేదులే నాన్నా," అంది పిచ్చుక. "నీ మొండితనం వచ్చింది."

అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండింటినీ ఆపుకోలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం క్రేన్ ఆగింది. పిచ్చుక నిచ్చెన మెట్లు దిగుతోంది. మేస్త్రీ గొణిగాడు.

"పెద్దాయనా, మీ రోజుల్లో ఇలా పని ఆగేదా?"

"ఆగనీ," అన్నాడు కూతురి కోసం వచ్చి కింద నిలబడ్డ తండ్రి.

ఆమె కిందికి వచ్చి సీసా అందించింది. అతను మూత తీసి, తలకిందులు చేసి చూశాడు.

ఒక్క చుక్క కూడా రాలలేదు.