పీఠం మీద కనకాంబరాలు

2025 ఆగస్టు 23, శనివారం. ఉదయం ఆరుంపావుకి చర్చి గంట ఒకసారి మోగింది. పాస్టరు అయ్యగారు వినీల పేరు చదివారు.

వినీల చనిపోయి ఆ రోజుకి ఎనిమిదేళ్లు. బట్టలు ఉతకడానికి కాలువ రేవుకి వెళ్లింది. బకెట్టు మెట్టు మీద దొరికింది. పాచికి కాలు జారిందని పంచనామాలో రాశారు. వయసు ఇరవై నాలుగు. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది.

తల్లి దేవకుమారి కూడా టీచరే. రిటైరైంది. కూతురు పోయిన మరుసటి వారం నుంచి ప్రతి శనివారం ఆ మెట్లకి బ్లీచింగు చల్లి కొబ్బరి పీచుతో రుద్దుతోంది. ఆ రోజు కూడా రుద్దే చర్చికి వచ్చింది. చేతులకి ఇంకా ఆ వాసన ఉంది.

పీఠం మీద, శిలువ చుట్టూ పది మూరల కనకాంబరాల దండ ఉంది.

ఆ చర్చికి శాశ్వత నిధి ఉంది. పెళ్లిరోజుకని, పుట్టినరోజుకని, పోయినవాళ్ల జ్ఞాపకానికని ఎవరైనా సొమ్ము ఇవ్వచ్చు. అన్నిటికీ ఫారం ఒకటే. అసలు సొమ్ము ముట్టుకోరు. వడ్డీతో ఏటా ఆ తేదీకి పీఠం మీద పూలు పెట్టి పేరు చదువుతారు. తమ పేరు వద్దన్న దాతల పేరు బయటికి చెప్పరు.

వినీల పేరున ఇచ్చింది ఎవరో దేవకుమారికి తెలియదు. ఏడాది తిరిగేసరికి మొదటి దండ వచ్చింది. అప్పటి సంఘ కార్యదర్శి యెహెజ్కేలు గారిని అడిగింది.

"పేరు వద్దన్నారమ్మా" అని ఆయన తల దించుకున్నాడు.

ఏటా అడిగింది. ఏటా అదే మాట. తర్వాత తర్వాత ఆమె కనిపిస్తే ఆయన వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయేవాడు. ఈ వేసవిలో ఆయనా పోయాడు.

ప్రార్థన అయ్యాక అయ్యగారు దండలోంచి ఒక మూర తెంపి ఆమె చేతికిచ్చారు. గుమ్మం దగ్గర సూరమ్మ ఎదురైంది.

"ఎవరండీ టీచరు గారూ ఆ మహానుభావుడు? మా ఆయనకి నేనిచ్చింది బంతిపూలేనండి. పైనుంచి మీ దండ చూసి అలిగి కూర్చుంటున్నాడో ఏంటో!"

దేవకుమారి నవ్వలేదు. పీఠానికి కనకాంబరాలు ఎవరూ ఇవ్వరు. కుండీలో నిలబడవు. వినీల మాత్రం రోజూ జడలో పెట్టుకునేది. అది గుర్తుపెట్టుకునేవాడు ఒక్కడే ఉన్నాడని ఆమె నమ్మకం. నిరంజన్.

రామచంద్రపురంలో ఎరువుల కొట్టు గున్నేశ్వరరావు గారి కొడుకు. వినీలని చేసుకుంటానని ఒకసారి ఇంటికొచ్చి అడిగాడు. దేవకుమారి అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేసింది. ఆ పేరు ఈ ఇంట్లో వినపడకూడదని కూతురికి చెప్పింది. అది 2017 జూలై.

పూలు వస్తున్నాయంటే అతను తనని క్షమించినట్టే. ఆమె అలా అనుకుంటూ వచ్చింది. ఒక్కసారి ఆ మాట అతని నోట వినాలి. ఎనిమిదేళ్లూ ఆ కొట్టు ముందు నుంచి వెళ్లింది గానీ లోపలికి అడుగు పెట్టలేదు. ఆ రోజు ఆటో ఎక్కింది.

కొట్టు షట్టరు సగం దించి ఉంది. ఆమె వంగి లోపలికి వెళ్లింది. నిరంజన్ లేచి కుర్చీ వేశాడు.

"కూర్చోండి టీచరు గారూ."

ఆమె కనకాంబరాల మూర బల్ల మీద పెట్టింది. "ఏటా నువ్వేగా నాయనా?"

"ఏంటండీ?"

"చర్చికి, దాని పేరున."

అతను పూలకేసి చూశాడు. "నేను కాదండి. అలా ఇవ్వచ్చని కూడా నాకు తెలీదు. ఏటా ఈ రోజు బేరం చెయ్యను. ఇలా కూర్చుంటానంతే."

ఆమె పూలు తిరిగి చేతిలోకి తీసుకుంది. "నా మీద కోపం ఉందా బాబూ?"

"దేనికండి? కాలు జారితే మీరేం చేస్తారు?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. కావలసిన మాట దొరికింది. పూలు ఎవరివన్నది ఒక్కటే మిగిలింది.

పదకొండు గంటలకి తిరిగి చర్చికి వచ్చింది. ఆఫీసు గదిలో కొత్త కార్యదర్శి జయపాల్ ఉన్నాడు. ఆమె దగ్గర చదువుకున్నవాడే.

"పేరు వద్దని రాసుంటే చెప్పకూడదండి టీచరు గారూ."

"నీకు ఎక్కాలు నేర్పింది ఎవర్రా?"

"మీరేనండి. అరచేతులకి ఇంకా గుర్తుందండి."

"ఒక్క దణ్ణం పెట్టి వచ్చేస్తాను. ఆళ్లెవరో చూపించు చాలు."

జయపాల్ తలుపు దగ్గరికి వేసి ఇనప్పెట్టె తెరిచాడు. 2017 కట్ట విప్పి ఫారం పైకి తీశాడు. గడి గడీ చదివాడు.

"పేరు, వినీల. తేదీ, ఆగస్టు 23. పూలు, కనకాంబరాలు. ఇచ్చినవారి పేరు చదవొద్దు. పక్కన పెన్సిలుతో యెహెజ్కేలు గారు 'పుట్టినరోజు' అని రాసి, మళ్లీ కొట్టేశారండి."

"పుట్టినరోజేంటి? అది పుట్టింది జనవరిలో."

జయపాల్ కింది గడి చూశాడు. పైకి చదవలేదు.

"ఏంట్రా? ఎవరు?"

అతను ఫారం ఆమె చేతికిచ్చాడు.

ఇచ్చినవారి గడిలో ఉన్నది వినీల సంతకం. తేదీ 14 ఆగస్టు 2017, వినీల రేవుకి వెళ్లడానికి తొమ్మిది రోజుల ముందు.